మంచులో సీజన్ డ్యూటీ

"అక్కా, జెర పక్కకు జరుగవా? లోపట మా అన్న ఉన్నడు. ఒక్క మాట చెప్పి వస్త."

లోపల అన్నా లేడు, తమ్ముడూ లేడు. లింబాద్రికి క్యూలో నిలబడటం చేతకాదు, అంతే. కాసేపు ఒకచోట ఉంటే చాలు, అరికాళ్ళలో చీమలు పాకినట్టు ఉంటుంది అతనికి.

ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"నేను మీకు అక్కలా కనిపిస్తున్నానాండీ?"

"అంటే... ఏదో మర్యాదకు అన్న."

"మర్యాదైతే వెనకాలే నిలబడండి. లోపలున్నాయన బెంగళూరాయన. ఆయనకి తెలుగే రాదు. మీకు అన్నయ్య ఎలా అయ్యాడో మరి!"

క్యూలో ఉన్న నేపాలీలకూ కెన్యావాళ్ళకూ మాట అర్థం కాకపోయినా, లింబాద్రి మొహం చూసి విషయం అర్థమైంది. అందరూ నవ్వారు. లింబాద్రి నోరు మూసుకుని వెనక్కి జరిగాడు.

దోహాలోని ఒక పెద్ద మాల్ అది. మాల్ చివర అద్దాల గోడ వెనక స్నో పార్క్ ఉంది. బయట జూన్ ఎండకు కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, లోపల మైనస్ నాలుగు డిగ్రీలు. చిన్న కొండంత వాలు, దాని నిండా మిషన్లు కురిపించే మంచు, స్కీలు కట్టుకుని జారే జనం. బయట అడుగు పెట్టలేని ఎండాకాలమే ఆ పార్కుకు అసలైన సీజన్. ఆ కొన్ని నెలలకే మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి లింబాద్రి వచ్చాడు.

అతనిది నిజామాబాద్ దగ్గరి పల్లె. ఖతార్ వచ్చాక మెసయీద్‌లో స్టీలు ప్లాంటులో పైపుల మీదికెక్కి బోల్టులు బిగించాడు. అది మానేసి బండి మీద సామాన్లు డెలివరీ చేశాడు. అదీ మానేసి కార్ల వర్క్‌షాపులో చేరాడు. ఏ పనైనా చేతికి అలవాటయ్యేదాకానే బాగుంటుంది. అలవాటైన మర్నాటినుంచి గుండెమీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. అల్ మన్సూరాలో అతనితో పాటు గదిలో ఉండే గంగాప్రసాద్ అయితే, "నీ బ్యాగు నీకంటె ముందు లేసి తయారుగుంటదిరా" అని ఎగతాళి చేస్తాడు.

లోపల సూపర్‌వైజర్ నితీష్ హిందీలో అడిగాడు. "మంచు ఎప్పుడైనా చూశావా?"

"కాశ్మీర్‌లో రెండేళ్ళు పనిచేశాను సార్. మంచులోనే" అన్నాడు లింబాద్రి, అదే హిందీలో, కన్నార్పకుండా.

తలుపు పూర్తిగా మూసి లేదు. తన ఇంటర్వ్యూ ముగించుకుని బయట నిలబడ్డ ఆ అమ్మాయి కిసుక్కున నవ్వడం అతనికి వినిపించింది.

ఆమె పేరు అనిత. కోనసీమ అమ్మాయి. అతనికంటే ముందు తన వంతు వచ్చినప్పుడు ఆమె నిజమే చెప్పింది, తనకు స్కీయింగ్ వచ్చని, అది ఈ పార్కులోనే నేర్చుకున్నానని. సర్టిఫికెట్ ఉందా అని అడిగాడు నితీష్. లేదంది. ఇదివరకు ఏం పని అన్నాడు. ఒక ఖతారీ ఇంట్లో పిల్లల్ని చూసుకునేదాన్ని అంది. నితీష్ మర్యాదగానే తలూపాడు. ట్రైనర్ కేతో మేడం సెలవు మీద తన దేశం జార్జియా వెళ్ళిందని, ఆమె వచ్చాక చూద్దామని అన్నాడు.

సాయంత్రానికి డ్యూటీలు తేలాయి. కాశ్మీర్ అనుభవం ఉన్న లింబాద్రికి స్లోప్ మీద. అనితకు బూట్ల కౌంటర్లో.

*

మొదటి రోజు పార్కు తెరవకముందే స్లోప్ వాళ్ళందర్నీ పైకి తీసుకెళ్ళారు. లింబాద్రి కాళ్ళకు స్కీలు బిగించారు. తోటివాళ్ళు ఒక్కొక్కరే జారుకుంటూ దిగిపోయారు. పైన లింబాద్రి ఒక్కడే మిగిలాడు. ఎంత ఎత్తులో పైపుల మీద నడిచినవాడికైనా, కాలికింద నేల కదులుతుంటే ఏం చెయ్యాలో తెలియదు కదా! కొంచెం ముందుకు వంగాడు. అంతే.

కింద అనిత చేతుల నిండా బూట్లతో స్లోప్ దాటుతోంది. పైనుంచి ఒక కేక వినిపించింది.

"ఆగమైతున్న! ఆగమైతున్న!"

అనిత టక్కున ఆగింది. సరిగ్గా అతనికి ఎదురుగా.

మరుక్షణంలో ఇద్దరూ మంచులో ఉన్నారు. బూట్లు తలా ఒక దిక్కుకు ఎగిరిపోయాయి.

"ఆగమన్నారని ఆగాను కదండీ! ఆగాక కూడా వచ్చి మీద పడతారేంటి?" అంది అనిత కళ్ళమీది మంచు తుడుచుకుంటూ.

"ఆగుమని ఎవలన్నరు? ఆగమైతున్న అన్న!"

"అదే కదండీ! ఆగమంటున్నా, ఆగమంటున్నా అని అరిచారు."

"అయ్యో తల్లీ! ఆగమైతున్న అంటే నా పని ఖతమైతున్నదని!"

అనిత అతని మొహంలోకి చూసింది. కనుబొమ్మల మీద మంచు, పక్కకు ఒరిగిన హెల్మెట్, ఒక స్కీ కాలికి, ఇంకొకటి ఎక్కడో. నవ్వు ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే అడిగింది.

"కాశ్మీర్లో కూడా ఇలాగే దిగేవారా?"

లింబాద్రి చుట్టూ చూశాడు. నితీష్ దూరంగా ఫోన్లో ఉన్నాడు.

"చెప్తవా సార్‌కు?"

"చెప్పాలనే ఉంది. ఆ స్లోప్ డ్యూటీ నాదండీ. మీ అబద్ధం వల్ల ఇక నేను పొద్దుగూకులూ జనం విప్పిన బూట్ల వాసన చూస్తూ కూర్చోవాలి."

లింబాద్రికి నిజంగానే సిగ్గేసింది. అబద్ధం ఆడినప్పుడు దానివల్ల ఒకరికి పని పోతుందని తోచలేదు.

"ట్రైనర్ మేడం రాంగనే నేనే చెప్తా. ఈ పని ఈ పిల్లదని చెప్తా. అప్పటిదాక నన్ను నిలవడేటట్టు చెయ్యి. లేకుంటె గిక్కడ పిల్లలమీద పడి ఎవలిదన్న కాలు ఇరగ్గొడ్త."

అనిత ఆలోచించింది. రెండోమాట నిజమేనని ఆమెకూ అనిపించింది.

"పొద్దున్నే, పార్కు తెరవకముందు. ఆలస్యంగా వస్తే నేర్పను. ఇంకోటి, నన్ను 'నువ్వు' అంటున్నారేంటండీ?"

"మా దిక్కు అందర్ని గట్లనే అంటం. మనసుల ఏం ఉండదు."

"మా దిక్కు అలా అనరు."

"అయితె నువ్వు నన్ను మీరు అను, నేను నిన్ను నువ్వు అంట. ఎవలది వాల్లకు."

*

పాఠాలు మొదలయ్యాయి.

"మోకాళ్ళు వంచండి. కాళ్ళవంక కాదు, ముందుకు చూడండి. అబ్బా, అటు కాదు! మీ చూపెప్పుడూ ఆ బయటకెళ్ళే తలుపు మీదే ఉంటుందేంటండీ?"

"అలవాటు."

"స్కీల మీద ఎటు చూస్తే అటే వెళ్ళిపోతారు. అందుకని ఆ తలుపు చూడొద్దు."

ఈసారి లింబాద్రి తలుపు వైపు చూడలేదు. నేరుగా వచ్చి అనిత పక్కన మంచుగుట్టలోకి దూరాడు.

"ఈసారి ఎటు చూశారు?"

లింబాద్రి తల వంచుకుని మంచు దులుపుకున్నాడు.  అనిత బుగ్గలు ఎర్రబడ్డాయి. చలికే అయ్యుంటుందని లింబాద్రి అనుకున్నాడు. అలా అనుకోకూడదని కూడా అనుకున్నాడు.

డ్యూటీ అయ్యాక ఇద్దరూ మెట్రోలో కలిసి వెళ్ళేవాళ్ళు. అనిత ఉండేది ఫరీజ్ బిన్ మహమూద్‌లో, శోభ అనే దూరపు పిన్నితో ఒక గదిలో. ఆ సందు మొదట్లో ఒక మలయాళీ కెఫెటేరియా ఉంది. యాలకులు వేసి చిక్కగా కాచిన కరక్ చాయ్ తాగుతూ ఒకరోజు అనిత తన సంగతి చెప్పింది.

"ఆ ఇంట్లో చిన్నపాపకి మంచంటే భయం. నేను పక్కన లేకపోతే అడుగు పెట్టేది కాదు. అంతకుముందు నా పనల్లా బయట నిలబడి పిల్లల జాకెట్లు పట్టుకోవడమే. పాప ఏడ్చేసరికి కేతో మేడమే నా కాళ్ళకి స్కీలు కట్టింది. పాపతో పాటే నేర్చుకున్నాను. అక్కడ జారుతున్నంతసేపూ అనితా నీళ్ళు, అనితా బూట్లు అని ఎవరూ పిలవరు కదండీ. నాకది ఎంత బాగుండేదో! పిల్లలు చదువులకి లండన్ వెళ్ళిపోయారు. ఆ ఇంటి మేడం మంచావిడే, వేరేచోట చేరతానంటే సంతకం పెట్టి పంపింది."

"మరి ఇంటికి పోలేదేంది?"

"వెళ్ళి ఏం చెయ్యను? నిజం కొండమీద నిజం మంచు చూడాలి నాకు. ఈ మిషన్ మంచు కాదు. రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తుంది. ఒక్కచోట కుదురుగా ఉండలేకపోతున్నాను."

లింబాద్రి ఆమెవైపు ఆశ్చర్యంగా చూశాడు. కుదురు లేకపోవడం తనొక్కడి రోగమనే ఇంతకాలం అనుకున్నాడు. కాకపోతే తేడా ఉంది. ఆమెకు ఎక్కడికి వెళ్ళాలో తెలుసు. అతనికి ఎక్కణ్ణుంచి వెళ్ళాలో మాత్రమే తెలుసు.

"నీకు నిద్రల గూడ మంచే గానస్తది. నాకు నిద్రే వడ్తలేదు" అన్నాడు.

"ఎందుకని?"

"చలి పట్టింది" అన్నాడు, నలభై అయిదు డిగ్రీల సందులో కూర్చుని.

*

కేతో మేడం తిరిగొచ్చిన రోజు లింబాద్రి అన్నమాట నిలబెట్టుకున్నాడు. నెరిసిన జుట్టు, ఎండకు కమిలిన బుగ్గలు ఉన్న ఆ మనిషి ముందు నిలబడి, వచ్చిన ఇంగ్లీషంతా, గల్ఫులో 'లేదు' అనడానికి వాడే 'మాఫీ'తో సహా, కూడదీసుకున్నాడు.

"మేడం, కాశ్మీర్ మాఫీ. ఐ లై. అనిత వెరీ గుడ్. హర్ డ్యూటీ, మై డ్యూటీ, ఛేంజ్."

కేతో అర్థం చేసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక బూట్ల కౌంటర్లోకి తొంగిచూసి, "నా అనితని ఇక్కడెవరు పెట్టారు?" అని అరిచి, ఆమెను కౌంటర్ మీదుగానే కౌగలించుకుంది. నితీష్ మెడ గోక్కుని డ్యూటీ చార్టు దిద్దాడు.

"మరి నీకేం పనొచ్చు?" అని లింబాద్రిని అడిగాడు.

"పైపులు, బోల్టులు సార్."

అలా అతన్ని మంచు మిషన్ల గదికి పంపారు. ఇరుకు గది. బయటి గాలి రాదు. పగలంతా హోరు. పాత లింబాద్రి అయితే ఆ వారంలోనే బ్యాగు సర్దేవాడు. కానీ ఆ గది గోడలో ఒక చిన్న అద్దాల కిటికీ ఉంది. అందులోంచి స్లోప్ కనిపిస్తుంది. పిల్లల వెనకాల వంగి, చేతులు చాపి, మంచు మీద గీత గీసినట్టు దిగే అనిత కనిపిస్తుంది. రోజులో ఒకసారైనా ఆమె ఆ అద్దం వైపు తలెత్తి చూసేది. ఆ ఒక్క చూపు కోసం అతను రోజంతా ఆ హోరులో ఉండేవాడు. ఆమె చూసి వెళ్ళిపోయాక మళ్ళీ ఎప్పుడు చూస్తుందా అని కాలు నిలిచేది కాదు.

"ఇంక బ్యాగు సర్దలేదేందిరా?" అన్నాడు గంగాప్రసాద్ ఒకరోజు, కూర కలుపుతూ. "పానం మంచిగలేదా?"

"మంచిగనే ఉన్నది అన్నా."

"లేదు. ఏదో అయింది నీకు."

సెప్టెంబర్ చివర్లో సీజన్ ముగిసింది. చాలామందిని పంపేశారు. మిషన్లు చూసే మనిషి కావాలని లింబాద్రిని ఉంచేసుకున్నారు. అనితకు మాత్రం వేరే కబురు వచ్చింది. కెఫెటేరియాలో కూర్చోగానే, చాయ్ రాకముందే చెప్పేసింది.

"కేతో మేడం వాళ్ళన్నయ్య జార్జియాలో ఒక స్కీ రిసార్టులో పనిచేస్తాడంట. చలికాలంలో కువైట్ నుంచి, ఇక్కణ్ణుంచి బోలెడంతమంది వస్తారంటండీ అక్కడికి. అరబ్బీ, హిందీ వచ్చి పిల్లలకి నేర్పే మనిషి కావాలంట. ఫోన్లో ఇంటర్వ్యూ చేశారు. నన్ను తీసుకున్నారు! డిసెంబర్ నుంచి సీజన్. నిజం కొండండీ! నిజం మంచు!"

ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. లింబాద్రికి సంతోషం వేసింది. దాని వెనకాలే కాళ్ళ కింద నేల జారింది, మొదటిరోజు స్లోప్ మీద జారినట్టే.

"నేను గూడ వస్తా" అన్నాడు వెంటనే. "ఆడ గూడ మిషన్లుంటయి గదా. రేపే రిజైన్ చేస్త. పోదాం."

అనిత మొహంలో మెరుపు తగ్గింది. చాయ్ కప్పు పక్కకు జరిపింది.

"లింబాద్రి గారూ, ఒకటి అడుగుతాను. నాకోసం వస్తున్నారా, ఇక్కడ ఉండలేక వస్తున్నారా?"

"రెండూ ఒకటే గదా?"

"కాదండీ. ఉండలేక వచ్చినవాళ్ళు అక్కణ్ణుంచి కూడా వెళ్ళిపోతారు. మెసయీద్ నుంచి వెళ్ళారు, డెలివరీ నుంచి వెళ్ళారు, వర్క్‌షాపు నుంచి వెళ్ళారు. రేపు కొండ కూడా అలవాటైపోతుంది. నేను కూడా అలవాటైపోతాను. అప్పుడో?"

లింబాద్రి నోరు తెరిచాడు. గట్ల కాదు అనాలనుకున్నాడు. కానీ ఈసారి అబద్ధం ఆడదల్చుకోలేదు. నిజమేమిటో తనకే తెలియదు. అనిత కాసేపు ఎదురుచూసింది. చాయ్ మీద మీగడ కట్టింది.

"చెప్పలేకపోతున్నారు కదా" అని మెల్లిగా లేచింది. "పిన్ని ఎదురుచూస్తుంటుంది. వెళ్తాను."

వీసా కాగితాలు తేలాక, డిసెంబర్ మొదట్లో ఆమె జార్జియా వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టుకు వస్తానని లింబాద్రి అంటే, శోభ పిన్ని వస్తోంది కదా, వద్దు అంది.

*

ఆ చలికాలం లింబాద్రి ఎలా గడిపాడో గంగాప్రసాద్‌ని అడగాలి. తింటూ తింటూ లేచి తిరిగేవాడు. మెట్లు దిగి సందు చివరిదాకా పోయి, ఎందుకు పోయాడో తెలియక తిరిగొచ్చేవాడు. ఫోను చేతిలో పెట్టుకుని పడుకునేవాడు. అనిత అప్పుడప్పుడు ఫొటోలు పంపేది. తెల్లటి కొండలు, మంచు మోస్తున్న చెట్లు, ఆమె నీడ. లింబాద్రి ఏదేదో రాసి, చెరిపేసి, చివరికి "మంచిగున్నది" అని పంపేవాడు. అటునుంచి "ఊఁ" వచ్చేది.

ఒకరోజు గంగాప్రసాద్ కబురు తెచ్చాడు. మెసయీద్‌లో క్రేన్ హెల్పర్ కావాలంట, వెంటనే చేరాలంట.

లింబాద్రి బ్యాగు మంచం మీదికి లాగాడు. రెండు చొక్కాలు పెట్టాడు. తువ్వాలు పెట్టాడు. అంతలో ఆగిపోయాడు. మెసయీద్ వెళ్ళినా ఈ గుబులు పోదు. అక్కడ కూడా తింటూ తింటూ లేస్తాడు. మిషన్ల గది అతన్ని తరమలేదు. ఆ హోరు అలవాటైంది కూడా. అయినా గుండెమీద ఎవరూ కూర్చోలేదు. ఆ అద్దంలోంచి చూస్తే ఆమె కనిపించదు, బాధంతా అదొక్కటే.

చొక్కాలు మళ్ళీ బయటికి తీశాడు.

"పోవా?" అన్నాడు గంగాప్రసాద్.

"పోను అన్నా."

గంగాప్రసాద్ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూశాడు.

జనవరిలో దోహాలో వాన పడింది. ఏడాదికి నాలుగు చినుకులు పడే ఊళ్ళో ఆ రోజు సందులన్నీ నిండాయి. అల్ మన్సూరాలో పిల్లలు చెప్పులు చేతపట్టుకుని గంతులేశారు. లింబాద్రి బాల్కనీలోంచి ఫోను బయటికి చాపి, వాన చప్పుడు రికార్డు చేశాడు. చివర్లో తన గొంతు కలిపాడు.

"అనితా, గిది నిజం వాన. మిషన్ది గాదు. నీకు వినవడాలని పంపుతున్న."

మెసేజ్ వెళ్ళింది కానీ చేరలేదు. సాయంత్రానికీ చేరలేదు. మర్నాడూ చేరలేదు. కాల్ చేస్తే కలవలేదు. ఆ కొండల్లో మంచు బాగా పడి దార్లు మూసుకుపోయాయని ఎవరో వీడియో చూపించారు. లింబాద్రి పరుగున కేతో దగ్గరికి వెళ్ళాడు.

"కరెంటు పోయింది, టవర్లు పోయాయి. మనుషులు క్షేమం. మా అన్నయ్య కబురు చేశాడు" అంది కేతో. "మాకు ప్రతి చలికాలం ఇంతే. కూర్చో."

అతను కూర్చోలేకపోయాడు. క్షేమం అన్నమాట చెవికి వినిపించింది కానీ గుండెదాకా దిగలేదు. ఆ మధ్యాహ్నం ఊరికి ఫోన్ చేసి తల్లి రాములవ్వకు అంతా చెప్పేశాడు.

"పిల్ల ఏడున్నది గిప్పుడు? నీ దుబాయ్‌లనేనా?" అంది రాములవ్వ. ఆమెకు సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే.

"కాదవ్వా. జార్జియాల."

"గదే దుబాయ్?"

"గది దుబాయ్ గాదే! మంచు దేశం."

"ఎవలోల్ల పిల్ల?"

"కోనసీమ."

"ఆంధ్రోల్లా? కూరల్ల బెల్లం ఏస్తరట గదరా!"

"అవ్వా, నేను పరేషాన్ల ఉంటె నువ్వు కూరల సంగతి తీస్తవేందే?"

 రాములవ్వ గొంతు మార్చి అంది. "ఇన్నేండ్లకు ఒక్కదానికోసం నీ గొంతు వణుకవట్టె. పోయి సూసి రా కొడుకా. బెల్లం ఏస్తే ఏసింది. తోల్కరా."

మర్నాడు అతను నితీష్ ముందు నిలబడ్డాడు. నితీష్ అతని మొహం చూసి నిట్టూర్చాడు. సీజన్ మనుషుల్ని చూసిచూసి ఆయనకు ఆ మొహం తెలుసు.

"రిజైన్ చేస్తున్నావా?"

"కాదు సార్. లీవు కావాలి."

"లీవా?"

"నాలుగు రోజులు. మళ్ళీ వస్తా సార్. నా పక్క షిఫ్టు నిజాముద్దీన్‌కి మిషన్లు చూపించి వెళ్తా. ఆదివారం నేనే డ్యూటీకి వస్తా."

ఆ మాట నోట్లోంచి వచ్చాక లింబాద్రికే వింతగా అనిపించింది. జీవితంలో మొదటిసారి ఒక పని దగ్గర సెలవు అడిగాడు. ఇదివరకు ఎప్పుడూ అంత అవసరం రాలేదు. మానేసి వెళ్ళిపోయేవాడు.

విమానం ఎక్కేముందు ఫోను మోగింది. అనిత గొంతు. "నిన్నటిదాకా ఫోన్లు లేవండీ. మీ వాన ఇప్పుడే విన్నాను. మళ్ళీ మళ్ళీ విన్నాను." ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయి ఆపేసింది.

లింబాద్రి తను వస్తున్నట్టు చెప్పలేదు. చెబితే వద్దంటుందేమోనని భయం.

*

తిబిలిసి నుంచి వ్యాన్‌లో కొండెక్కేసరికి మధ్యాహ్నమైంది. రోడ్డుకు రెండువైపులా మనిషెత్తు మంచు గోడలు. కేతో ఇచ్చిన జాకెట్ లింబాద్రికి మోచేతులదాకానే వచ్చింది. వ్యాన్ దిగి, మెరిసిపోతున్న ఆ తెల్లదనంలో కళ్ళు చికిలించి చూశాడు. ఇక్కడ గోడల్లేవు, తలుపుల్లేవు. ఎటు చూసినా కొండే.

"యల్లా! యల్లా! మోకాళ్ళు వంచండి!" అని అరబ్బీలో ఒక గొంతు వినిపించింది. ఎర్రజాకెట్ వేసుకుని, బాతుపిల్లల్లాంటి పిల్లల వరసకు ముందు వెనక్కి జారుతూ వస్తోంది అనిత.

సగం దూరంలో తలతిప్పింది. కింద నిలబడ్డ మనిషిని చూసింది. ఒక్క క్షణం ఏ ట్రైనరూ చెయ్యని తప్పు చేసింది, కాళ్ళు తడబడ్డాయి. తర్వాత పిల్లల్ని అక్కడే ఆగమని, తను మాత్రం ఒక్క ఊపున దిగి వచ్చి, మంచు చిమ్ముతూ సరిగ్గా అతని ముందు ఆగింది.

"ఎప్పుడొచ్చారు? ఎలా వచ్చారు?" అని ఆమె మొహం వెంటనే మారిపోయింది. "ఉద్యోగం మానేశారా?"

"లేదు. లీవు పెట్టిన."

"లీవా? మీరా?"

"నితీష్ సార్ గూడ గిట్లనే నోరు తెరిచిండు."

అనిత నవ్వలేదు. అతనివైపే చూస్తోంది. లింబాద్రి దారి పొడుగునా మనసులో సర్దుకున్న మాటలన్నీ గాలికి ఎగిరిపోయాయి. మిగిలినవే చెప్పాడు.

"ఆనాడు నువ్వు అడిగినవ్ గదా. నీకోసం వస్తున్ననా, ఆడ ఉండలేక వస్తున్ననా అని. గప్పుడు నాకు తెల్వలేదు. అందుకే చెప్పలే. ఉండి చూసిన. ఉండుడు నాకు గూడ వస్తది. పని మంచిగనే ఉన్నది. గది మంచిగనే ఉన్నది. మెసయీద్‌ల వేరే పనొస్తె పోలే. కాని అన్నం తింటె నువ్వు లేవు. వానొస్తె నువ్వు లేవు. ఫోన్ కలవకపాయె, నా పానం నా దగ్గర లేకపాయె. గందుకే వచ్చిన. నీకోసమే వచ్చిన. శనివారం మల్ల పోత. ఆదివారం డ్యూటీ ఉన్నది."

గాలి వీచింది. చెట్లమీది మంచు పొడిలా రాలి ఇద్దరి మీదా పడింది. అనిత గ్లవ్ వెనకభాగంతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తున్నవా?"

"ఎండకి. మంచు మీద ఎండకి కళ్ళు నీళ్ళు కారతాయి."

"కాశ్మీర్ల గూడ గంతే" అన్నాడు లింబాద్రి గంభీరంగా.

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పైన పిల్లలు "అనితా! అనితా!" అని కేకలేస్తున్నారు.

"ఆరోజు ఫోన్లో ఒకటి చెప్పబోయి ఆపేశాను" అంది. "ఇక్కడ అంతా నేను కోరుకున్నట్టే ఉందండీ. కొండ, మంచు, అన్నీ. మొదటిరోజు ఎంత సంబరపడ్డానో! కానీ దిగి వచ్చాక ఎప్పుడూ తలెత్తి ఒక కిటికీ కోసం వెతికేదాన్ని. ఇక్కడ కిటికీ ఏముంటుంది చెప్పండి? ఎవరికి చూపించాలి నేను ఎంత బాగా దిగానో?"

 "మా అవ్వకు చెప్పిన" అన్నాడు లింబాద్రి.

"ఏమన్నారు?"

"తోల్కరమ్మన్నది."

"అంటే?"

"తీసుకురమ్మన్నది. మా ఇంటికి."

అనిత తలదించుకుని స్కీతో మంచు మీద గీత గీసింది. "మా అమ్మకి ఇంకా ఏమీ తెలియదు. ఈ సాయంత్రమే చెప్తాను. ఫోన్ పక్కనే కూర్చోవాలి మీరు. చాలా ప్రశ్నలేస్తుంది."

"కూసుంట."

"గొడవ కూడా చెయ్యొచ్చు."

"అయినా కూసుంట."

ఆమె వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది. తిరిగి చూడకుండానే అడిగింది.

"మార్చి చివర్లో సీజన్ అయిపోతుంది. దోహా ఎయిర్‌పోర్టుకి వస్తావా?"

"వస్త" అన్నాడు లింబాద్రి. అన్నాక అర్థమైంది. "అనితా! ఏమన్నవ్? వస్తావా అన్నవ్! మీరు పోయిందా?"

"పోయింది. ఏం, అనకూడదా?"

"అను! మల్లొకపారి అను!"

"క్లాస్ అయ్యేదాకా ఇక్కడే ఉండు. ఎక్కడికీ వెళ్ళకు" అని నవ్వు దాచుకుంటూ పిల్లల వైపు ఎక్కిపోయింది.

క్లాస్ సాయంత్రం దాకా సాగింది. ఎండ కొండ వెనక్కి జారింది. చెప్పుల షాపులో కొన్న మామూలు బూట్లలో లింబాద్రి కాలివేళ్ళు మొద్దుబారాయి. లోపలికొచ్చి టీ తాగమని కెఫేలో మనిషి రెండుసార్లు పిలిచాడు. లింబాద్రి చెయ్యి ఊపి వద్దన్నాడు. అనిత దిగిన ప్రతిసారీ తలెత్తి చూస్తోంది. అతను కదలకుండా అక్కడే నిలబడి ఉన్నాడు.